స్కాట్లండ్ సావనీర్ ప్లాట్లు, వన్యప్రాణి సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

స్కాట్లండ్‌లో ఒక చదరపు అడుగు నేల కొని అక్కడి అడవిని కాపాడమని కోరే ప్రకటనలు తెలుగువారి ఫోన్లలోనూ కనిపిస్తున్నాయి. అలాంటి ధ్రువపత్రాన్ని పుట్టినరోజుకో పెళ్లిరోజుకో బహుమతిగా అందుకున్నవారికి, ఇవ్వాలనుకునేవారికి సహజంగా కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. వన్యప్రాణుల కోసం తన సంపాదనలో కొంత ఇవ్వాలన్న కోరిక ఎంతో మంచిది. అందుకే ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో, ఏ పనికి ఖర్చవుతుందో ఇచ్చేవారికి ముందే తెలిసి ఉండాలి.

సావనీర్ ప్లాటు అంటే ఏమిటి?

ఒక సంస్థ పెద్ద భూఖండాన్ని కొని, దానిని ఒకటి, పది, వంద చదరపు అడుగుల చొప్పున చిన్న ముక్కలుగా గుర్తించి, ఒక్కో ముక్కను ఒక్కొక్కరి పేరిట అంకితం చేస్తూ ధ్రువపత్రం ఇచ్చి సొమ్ము తీసుకుంటుంది. ఆ ముక్కనే సావనీర్ ప్లాటు అంటారు. అందులో ఇల్లు కట్టలేరు, సాగు చేయలేరు, కంచె వేసుకోలేరు. స్కాట్లండ్ భూమి రిజిస్ట్రేషన్ చట్టం కూడా దీనిని దాదాపు ఇలాగే నిర్వచిస్తుంది: పరిమాణంలో లెక్కకు రానంత చిన్నదై, ఆచరణలో ఉపయోగం లేనిదై, స్వంతమని అనిపించుకోవడానికో, మమకారం కొద్దీనో, జ్ఞాపకార్థమో తప్ప విడిగా ఎవరూ కోరుకోని నేల ముక్క.

ఈ పద్ధతి వన్యప్రాణుల కోసమే పుట్టిందా?

కాదు, వ్యాపార ప్రచారం కోసం పుట్టింది. 1955లో క్వేకర్ ఓట్స్ కంపెనీ కెనడాలోని యూకాన్ ప్రాంతంలో, డాసన్ పట్టణానికి దగ్గరగా నది ఒడ్డున 19.11 ఎకరాలు కొని, దానిలో ఒక్కో చదరపు అంగుళానికి ఒక్కో దస్తావేజు చొప్పున 2 కోట్ల 10 లక్షల కాగితాలు అచ్చువేసి అల్పాహారపు డబ్బాలతో పాటు పంచింది. ఆ దస్తావేజులు ఏ కార్యాలయంలోనూ విడివిడిగా నమోదు కాలేదు. చివరకు 37 డాలర్ల చిల్లర పన్ను బకాయి కింద 1965లో ఆ నేల తిరిగి ప్రభుత్వపరమైంది. కాగితాలు పిల్లల చేతుల్లో ఉన్నా, పన్ను కట్టవలసిన యజమాని ఒక్కరే కనుక, ఆ ఒక్కరు కట్టకపోయేసరికి అందరి అంగుళాలూ పోయాయి. స్కాట్లండ్‌లోని ఇస్లే ద్వీపంలో లఫ్రోయిగ్ విస్కీ తయారీ సంస్థ 1994 నుంచి తన అభిమానులకు చదరపు అడుగు చొప్పున నేలను జీవితకాలపు కౌలుగా రాసిస్తోంది. ఇది కూడా ఆ కోవలోదే. అడవి పెంపకాన్ని, వన్యప్రాణుల సంరక్షణను ఈ పద్ధతికి జతచేయడం ప్రధానంగా 2000 తరువాత విస్తరించింది.

నేను కొన్న చదరపు అడుగు చట్టప్రకారం నాదేనా?

మన దగ్గర భూమి కొనేవారికి అలవాటైన అర్థంలో అయితే, కాదు. స్కాట్లండ్‌లో భూమిపై పూర్తి యాజమాన్య హక్కు ప్రభుత్వ భూ రిజిస్టరులో నమోదైనప్పుడే సంక్రమిస్తుంది. సావనీర్ ప్లాట్లను నమోదు చేయరాదని 1979 నాటి చట్టం చెప్పింది, దాని స్థానంలో వచ్చి 2014 డిసెంబరులో అమలైన 2012 నాటి చట్టం కూడా అదే చెప్పింది. దరఖాస్తు చేసినా రిజిస్టరు అధికారి తిరస్కరించవలసిందే. లక్షలాది చదరపు అడుగుల ముక్కలను ఒక్కొక్కటిగా నమోదు చేయవలసి వస్తే రిజిస్టరు మొత్తం స్తంభించిపోతుందన్న భయం వల్లనే ఈ నిబంధన పెట్టారు, కనుక దీనిలో అన్యాయమేమీ లేదు.

అమ్మేవారు సాధారణంగా ఇచ్చే జవాబు ఏమిటంటే, కొన్నవారికి సంస్థతో కుదిరిన ఒప్పందం వల్ల ఒక వ్యక్తిగత హక్కు లభిస్తుందని, ఆ నేలను తమకు అంకితం చేయించుకునే హక్కు అదేనని. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఒప్పందపు హక్కు ఒప్పుకున్న సంస్థ మీద మాత్రమే పనిచేస్తుంది. రిజిస్టరులో యజమానిగా ఉన్నది సంస్థ కాబట్టి, రేపు ఆ భూమి మొత్తం మరొకరి పేరిట రిజిస్టరైతే, కొత్త యజమానిని మీ ధ్రువపత్రం కట్టడి చేస్తుందని చెప్పలేము. మన భాషలో చెప్పాలంటే, ఈసీ తీయిస్తే మీ పేరు కనిపించదు.

కొన్నవారికి ‘లెయిర్డ్’, ‘లార్డ్’ బిరుదు నిజంగా వస్తుందా?

రాదు. లెయిర్డ్ అన్నది స్కాట్లండ్‌లో ఒక ఎస్టేటు యజమానిని ఇరుగుపొరుగువారు గౌరవంగా పిలుచుకునే పేరు, అది రాజరికం ఇచ్చే కులీన పదవి కాదు. అక్కడి వంశచిహ్నాలను, బిరుదులను పర్యవేక్షించే లార్డ్ లయన్ న్యాయస్థానం, సావనీర్ ప్లాటు ఉన్నంత మాత్రాన ఎవరూ లెయిర్డ్ కారని, దాని ఆధారంగా వంశచిహ్నం కోరే అర్హత రాదని స్పష్టంగా ప్రకటించింది. విదేశీ ప్రభుత్వం ఇచ్చే బిరుదులను భారత పౌరులు స్వీకరించరాదని రాజ్యాంగంలోని 18వ అధికరణం చెబుతుంది కదా అని కొందరు అడుగుతారు. ఇక్కడ బిరుదు ఇస్తున్నది ఏ ప్రభుత్వమూ కాదు కనుక ఆ ప్రశ్నే తలెత్తదు. ఇంట్లో సరదాగా పిలుచుకుంటే తప్పు లేదు.

ప్లాటు ధరలో ఎంత భాగం అడవికి చేరుతుంది?

ఈ ప్రశ్నకు అందరికీ వర్తించే జవాబు లేదు, కానీ ఎవరికి వారు చేసుకోగలిగిన ఒక లెక్క ఉంది. ఎకరంలో 43,560 చదరపు అడుగులు ఉంటాయి. ఉదాహరణకు చదరపు అడుగుకు 30 పౌండ్లు అనుకుంటే, ఎకరం మొత్తం అమ్ముడుపోయినప్పుడు వచ్చేది 13 లక్షల పౌండ్లకు పైమాటే. స్కాట్లండ్ కొండ ప్రాంతాల్లో కలప కోసం పెంచే స్ప్రూస్ తోటలున్న నేల ధర దీనికి దరిదాపుల్లో కూడా ఉండదు. అంటే మీరు కడుతున్నది నేల ధర కాదు. ధ్రువపత్రం, తపాలా, ప్రకటనలు, వాటిని ప్రచారం చేసేవారి కమీషను, సిబ్బంది జీతాలు, సంస్థ లాభం పోగా మిగిలినది అడవికి చేరుతుంది. ఆ మిగులు పెద్దదా, పేరుకు మాత్రమేనా అన్నదే అసలు విషయం.

లాభం ఉండటమే నేరమని మా అభిప్రాయం కాదు. ధర్మసంస్థల విన్నపాలకు స్పందించని వేలాది మంది, ఒక సరదా బహుమతి కోసం ఇష్టంగా డబ్బు కడతారు, అలా రాకపోతే అడవికి ఎన్నడూ రాని సొమ్ములో కొంత వస్తుంది. గ్లెన్‌కోకు చేరువలో డ్యూరర్ గ్రామం పక్కన ఇలాంటి అమ్మకాలతో నడుస్తున్న ఒక రిజర్వు ఉంది. జనం వెళ్లి చూసి వస్తున్నారు. అయితే ప్లాటు అమ్మే వ్యాపార సంస్థ వేరు, దాని పేరుతో ఉన్న ధర్మనిధి వేరు కావచ్చు. మొదటిదాని నుంచి రెండవదానికి ఏటా ఎంత బదిలీ అవుతోందో ఆడిటు లెక్కల్లో చూపని సంస్థను, దాని వెబ్‌సైటులోని ఫొటోలు ఎంత అందంగా ఉన్నా, నమ్మి డబ్బు కట్టమని మేము చెప్పలేము.

ఒక్కసారి భూమి కొన్నాక ఖర్చు అయిపోయినట్టే కదా?

చాలామంది ఇక్కడే పొరబడతారు. స్కాట్లండ్ పశ్చిమ తీరంలో అడవిని తిరిగి నిలబెట్టడం అంటే కొని వదిలేయడం కాదు, దశాబ్దాల పాటు చేయవలసిన పని.

మొదటిది, కలప కోసం నాటిన సిట్కా స్ప్రూస్. ఉత్తర అమెరికా నుంచి తెచ్చిన ఈ చెట్లు వరుసగా, దగ్గర దగ్గరగా పెరిగి, కిందికి వెలుతురు చేరనివ్వవు. వాటిని దశలవారీగా కొట్టి, బిర్చ్, రోవన్, ఓక్, స్కాట్స్ పైన్ వంటి స్థానిక జాతులకు చోటివ్వాలి. రెండవది, తోటల్లో అందం కోసం తెచ్చిన రోడోడెండ్రాన్ పాంటికమ్ అనే పొద. తేమ నిండిన ఆ తీరపు ఓక్ వనాలను స్కాట్లండ్ వర్షారణ్యం అంటారు. అక్కడి చెట్ల బెరడుపై పెరిగే నాచు, లైకెన్ జాతులకు ఈ పొద పెద్ద ముప్పు. నరికితే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది కాబట్టి ఏళ్ల తరబడి వెంటబడి తొలగించాలి. మూడవది, జింకలు. తోడేళ్లు అంతరించిపోయిన ఆ దేశంలో ఎర్ర జింకల సంఖ్యను అదుపు చేసే సహజ శత్రువు లేదు, లేత మొక్కలను అవి మొదటి ఏడాదిలోనే మేసేస్తాయి. కంచె వేయాలి, లేదా జింకల సంఖ్యను తగ్గించాలి. రెండూ ఖర్చుతో కూడినవే, రెండవది మనసుకు కష్టమైనది కూడా.

ఇక జంతువుల విషయానికి వస్తే, స్కాట్లండ్ అడవి పిల్లి కథ చూడాలి. చూడటానికి బలిష్ఠమైన చారల పిల్లిలా ఉండే ఈ జీవి, పెంపుడు పిల్లులతో సంకరం కావడం వల్ల దాదాపు కనుమరుగైంది. అడవిలో మిగిలిన సంఖ్య తనంతట తాను నిలదొక్కుకోలేని స్థితికి చేరిందని 2019లో నిపుణుల నివేదిక తేల్చింది. రాయల్ జూలాజికల్ సొసైటీ ఆఫ్ స్కాట్లండ్ ఆధ్వర్యంలో హైలాండ్ వైల్డ్‌లైఫ్ పార్కులో పెంచిన పిల్లులను 2023 వేసవిలో కెయిర్న్‌గార్మ్స్ ప్రాంతంలో వదలడం మొదలుపెట్టారు. ఆ మరుసటి ఏడాదే అవి అడవిలో పిల్లలు పెట్టిన ఆధారాలు దొరికాయి. వదిలిన ప్రతి పిల్లికి మెడపట్టీ, దానిని అనుసరించే సిబ్బంది, చుట్టుపక్కల ఊళ్లలో పెంపుడు పిల్లులకు ఆపరేషన్లు, టీకాలు, ఇవన్నీ ఏటేటా అయ్యే ఖర్చులు. ఏ జీవి పేరు చెప్పి డబ్బు అడుగుతున్నారో, ఆ జీవికి సంబంధించిన ఇలాంటి పని ఏదైనా జరుగుతోందా అని అడగడం దాత హక్కు.

ఇలాంటి సంస్థలను బహిరంగంగా ప్రశ్నించినవారు ఉన్నారా?

ఉన్నారు. స్కాట్లండ్ భూ యాజమాన్యంపై దీర్ఘకాలంగా రాస్తున్న ఆండీ వైట్‌మన్, అడవి పిల్లుల పేరిట సావనీర్ ప్లాట్ల ద్వారా నిధులు సేకరించిన ఒక సంస్థ గురించి రాసిన వ్యాసాలపై, ఆ సంస్థ ఏడున్నర లక్షల పౌండ్లకు పరువునష్టం దావా వేసింది. ఆయన అప్పటికే స్కాట్లండ్ పార్లమెంటు సభ్యుడు. 2020 మార్చిలో స్కాట్లండ్ అత్యున్నత సివిల్ న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ సెషన్ ఆయనకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఆ సంస్థ ఉద్దేశాలపై మేము వ్యాఖ్యానించడం లేదు. ప్రజల నుంచి డబ్బు సేకరించే ఎవరినైనా ఆ డబ్బు గురించి అడగగలిగే వాతావరణం సంరక్షణకు మేలు చేస్తుందని మాత్రం గట్టిగా నమ్ముతున్నాము.

భూమిని వేలమందికి పంచితే రోడ్లు, గనులు రాకుండా అడ్డుకోవచ్చా?

ఇంగ్లండ్‌లో ఆ ప్రయత్నం జరిగింది. 1980లలో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆట్‌మూర్ చిత్తడి నేలల మీదుగా ఎం40 రహదారి వేయాలనుకున్నప్పుడు, ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ కార్యకర్తలు దారిలో పడే ఒక పొలాన్ని కొని, ‘ఆలిస్ మెడో’ అని పేరు పెట్టి, దానిని వేల ముక్కలుగా మద్దతుదారులకు అమ్మారు. భూసేకరణకు ప్రతి యజమానికీ విడిగా నోటీసు ఇవ్వవలసి వచ్చేలా చేయడమే వారి ఉపాయం. చివరకు రహదారి మరో దారిన వెళ్లింది. 2009లో లండన్ హీత్రూ విమానాశ్రయపు మూడవ రన్‌వేకు వ్యతిరేకంగా గ్రీన్‌పీస్ కూడా సిప్సన్ గ్రామం దగ్గర నేల కొని వేలాది మందిని భాగస్వాములుగా చేర్చింది.

అయితే అవి ఉద్యమాలు. బలం కాగితం కంటే దాని వెనుక నిలబడిన జనంలో ఉంది. స్కాట్లండ్ సావనీర్ ప్లాటుకు నమోదు హక్కే లేదు కనుక, అది భూసేకరణను అడ్డుకుంటుందని ఆశించకూడదు.

సంస్థ మూతపడితే అడవి ఏమవుతుంది?

భూమి సంస్థ ఆస్తి అయితే అప్పులవాళ్లకు చెల్లించడానికి అమ్ముడుపోవచ్చు, ధ్రువపత్రాలు ఉన్నవారికి ఆ నేలపై హక్కు నిలవదు. భూమి ధర్మసంస్థ పేరిట ఉండి, దాని నియమావళిలో సంరక్షణ తప్ప మరో ప్రయోజనానికి వాడరాదని ఉంటే పరిస్థితి ఎంతో మెరుగు. అందుచేత మిగతా ప్రశ్నలన్నింటికంటే ముందు అడగవలసినది ‘రిజర్వు ఎవరి పేరిట ఉంది?’ అని.

ప్లాటు అమ్మకుండా ఇదే పని చేసినవారు ఉన్నారా?

ఎందరో ఉన్నారు, మా దృష్టిలో ఇంతకంటే గట్టి ఫలితాలూ సాధించారు. 1987లో స్వీడన్‌లోని ఒక చిన్న గ్రామీణ పాఠశాల పిల్లలు వర్షారణ్యాల గురించి పాఠం విని, పాటలు పాడి, వస్తువులు అమ్మి డబ్బు పోగుచేసి కోస్టారికాలోని మాంటెవెర్డే సంరక్షణ సంఘానికి పంపారు. అది చూసి ఎన్నో దేశాల పిల్లలు చేతులు కలిపారు. ‘పిల్లల శాశ్వత వర్షారణ్యం’ అన్న పేరుతో అది నేడు 22 వేల హెక్టార్లకు పైగా విస్తరించి, ఆ దేశంలోని అతిపెద్ద ప్రైవేటు రిజర్వుగా నిలిచింది. ఆ పిల్లల్లో ఎవరికీ అక్కడ చదరపు అడుగు రాసివ్వలేదు. భూమి సంఘం పేరిట ఉంది.

బ్రిటన్‌లో 1989లో మొదలైన వరల్డ్ లాండ్ ట్రస్ట్ ‘ఒక ఎకరం కొనండి’ అని విరాళాలు అడుగుతుంది, కానీ ఆ ఎకరం దాత పేరిట రాదు, ఆ దేశపు స్థానిక సంస్థ పేరిట చేరుతుంది. బెలీజ్‌లో జాగ్వార్లు తిరిగే రియో బ్రావో అడవి రెండున్నర లక్షల ఎకరాలకు పైగా అలాగే నిలిచింది. దాతకు దక్కేది ధ్రువపత్రమే. కానీ అది నేల మీద హక్కు ఇస్తున్నట్టు చెప్పుకోదు, ఆ నిజాయితీ వల్లనే దానికి గౌరవం.

స్కాట్లండ్‌లోనే మరో ఉదాహరణ కారిఫ్రాన్. మోఫట్ కొండల్లో గొర్రెలు, మేకలు మేసి బోడిగా మిగిలిన సుమారు 1,600 ఎకరాల లోయను బోర్డర్స్ ఫారెస్ట్ ట్రస్ట్ ప్రజా విరాళాలతో కొని, 2000 జనవరి 1న మొక్కలు నాటడం మొదలుపెట్టింది. ఏ చెట్లు నాటాలో ఊహించి నిర్ణయించలేదు. అక్కడి పీట్ (సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడిన నేల) పొరల్లో వేల ఏళ్లుగా నిలిచిన పుప్పొడిని పరిశీలించి, ఒకప్పుడు ఆ లోయలో ఏ జాతులు ఉండేవో తెలుసుకుని వాటినే నాటారు. అప్పటి నుంచి ఐదు లక్షలకు పైగా చెట్లు వేళ్లూనాయి, అడవి పక్షులు తిరిగి వచ్చాయి.

నా ప్లాటును వెళ్లి చూడవచ్చా?

చూడవచ్చు. నిజానికి ప్లాటు లేకపోయినా చూడవచ్చు. 2003 నాటి భూసంస్కరణల చట్టం ప్రకారం స్కాట్లండ్‌లోని చాలా నేలల మీద, ప్రైవేటు ఎస్టేట్లతో సహా, బాధ్యతగా నడిచే హక్కు అందరికీ ఉంది.

డబ్బు కట్టే ముందు ఏమి పరిశీలించాలి?

స్కాట్లండ్ ధర్మసంస్థలన్నీ అక్కడి నియంత్రణ కార్యాలయం ఓఎస్‌సీఆర్ జాబితాలో ‘ఎస్‌సీ’తో మొదలయ్యే సంఖ్యతో కనిపిస్తాయి. బ్రిటిష్ కంపెనీల వార్షిక లెక్కలు కంపెనీస్ హౌస్ వెబ్‌సైటులో రుసుము లేకుండా దొరుకుతాయి. సంస్థ బ్రిటన్‌కు వెలుపల వేరే ద్వీపంలో నమోదై ఉండి, అక్కడి లెక్కలు బయటకు రాకపోతే, ఆ మాట నేరుగా వారినే అడగాలి. రిజర్వు నిర్వహణ ప్రణాళిక, గత ఏడాది చేసిన పనుల వివరాలు, జీవజాతుల గణన ఉన్నాయేమో చూడాలి. ‘ప్రతి ప్లాటుకూ ఒక చెట్టు’ అన్న హామీ ఉంటే, ఆ చెట్టును ఏ దేశంలో, ఎవరు నాటుతున్నారో కనుక్కోవాలి. ఎందుకంటే ఫొటోలో స్కాట్లండ్ కొండ కనిపించినా, చెట్టు మరో ఖండంలోని భాగస్వామి సంస్థ నాటేది కావచ్చు. అది తప్పు కాదు, దాతకు తెలియకపోవడమే తప్పు.

ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఇలాంటి ప్లాట్లు అమ్మవచ్చా?

స్కాట్లండ్ తరహాలో అయితే కుదరదు. ఆస్తి బదిలీ చట్టం, రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి విక్రయం రిజిస్టరు దస్తావేజుతోనే చెల్లుతుంది. అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్‌పై రెండు రాష్ట్రాల్లోనూ ఆంక్షలు ఉన్నాయి. ఎర్రచందనం, శ్రీగంధం తోటల్లో గజాల చొప్పున ప్లాట్లు అమ్మి, ఇన్నేళ్లకు ఇంత రాబడి అని హామీ ఇచ్చే పథకాలకూ, వన్యప్రాణి సంరక్షణకూ సంబంధం లేదు. తోటల పేరిట డబ్బు సేకరించిన కంపెనీల వల్ల మదుపుదారులు నష్టపోయాకనే సెబీ 1999లో సామూహిక పెట్టుబడి పథకాల నిబంధనలు తెచ్చింది.

సొంత భూమిని అడవి జీవాలకు వదలాలనుకునే రైతులకు, గ్రామాలకు మాత్రం ఒక చట్టబద్ధమైన దారి ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రకారం, వ్యక్తులు లేదా సముదాయాలు ముందుకు వస్తే వారి నేలను ప్రభుత్వం ‘కమ్యూనిటీ రిజర్వు’గా ప్రకటించవచ్చు. యాజమాన్యం వారిదే ఉంటుంది. కడప జిల్లాలో 1986లో మళ్లీ కనుగొన్న కలివికోడి లాంటి పక్షికి ముళ్లపొదలతో నిండిన మామూలు నేలే ప్రాణాధారం. ఆ ఆవాసం కోసం తెలుగుగంగ కాలువ మార్గాన్నే మార్చవలసి వచ్చింది. పొదల నేలను బీడు అని కొట్టిపారేయకుండా చూడగలిగితే, మన దగ్గర సంరక్షణకు అవకాశం చాలా ఉంది.

విదేశీ ప్లాటుకు ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందా?

రాదు. 80జీగా మనకు తెలిసిన మినహాయింపు భారతదేశంలో ఆమోదం పొందిన సంస్థలకు ఇచ్చే విరాళాలకే, అదీ పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే వర్తిస్తుంది. వస్తువు లేదా ధ్రువపత్రం కొనుగోలు విరాళం కిందకు రాదు. ఇక్కడి సంస్థకు ఇచ్చినప్పుడు మినహాయింపు కోసం విరాళపు ధ్రువపత్రం అడిగి తీసుకోండి, 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు ఉండదని గుర్తుంచుకోండి.

విదేశాల్లో ఉన్నాను, మన ప్రాంతపు వన్యప్రాణులకే ఇవ్వాలనుకుంటున్నాను. ఎలా?

భారత పాస్‌పోర్టు ఉన్నవారు ఎక్కడ నివసిస్తున్నా, తమ సొంత సంపాదన నుంచి ఇక్కడి సంస్థలకు మామూలుగానే విరాళం ఇవ్వవచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇచ్చేది విదేశీ విరాళంగా లెక్కకు వస్తుంది. కాబట్టి ఆ సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి, సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఆ సంస్థకు ఉన్న ప్రత్యేక ఖాతాకే చేరాలి. అనుమతి లేని సంస్థకు బంధువుల ఖాతా ద్వారా పంపడం ఆ సంస్థకే చిక్కు తెస్తుంది.

పిల్లల పేరిట బహుమతిగా ఇవ్వాలనుకునే స్థానికులకు హైదరాబాదు నెహ్రూ జూపార్కులోనూ, విశాఖపట్నం ఇందిరాగాంధీ జూపార్కులోనూ జంతువుల దత్తత పథకాలు ఉన్నాయి. ఎంచుకున్న జంతువు మేతకు, పోషణకు నిర్ణీత కాలానికి సొమ్ము కడితే జూ యాజమాన్యం ధ్రువపత్రం ఇస్తుంది.